లెక్కలో ఎవరెవరు ఉన్నారు?

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీద, నగరం పలచబడి ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులు ఎక్కువయ్యే చోట ఇబ్రహీంపట్నం వస్తుంది. గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరే ఊరిది. ఊరి పెద్ద చెరువు కూడా కుతుబ్‌షాహీల కాలపుదే. ఈ చెరువు చుట్టుపక్కల కాలేజీల్లో వేలమంది పిల్లలు రకరకాల శాస్త్రాలు చదువుతున్నారు. సివిల్ వాళ్ల జలవిజ్ఞానం మెకానికల్ వాళ్లకు పట్టదు, మెకానికల్ వాళ్ల ఉష్ణగతిశాస్త్రం ఎంబీఏ వాళ్లకు అక్కర్లేదు, ఫార్మసీ వాళ్లు ఈ మూడింటి జోలికీ పోరు. సిలబస్‌లు కట్టిన గోడలవి. అయినా ఆ పుస్తకాలన్నిటి తొలి అధ్యాయాల్లో ఒకే సూత్రం వేరువేరు వేషాల్లో కనిపిస్తుంది. లోపలికి వచ్చినదానిలోంచి బయటికి పోయినది తీసేస్తే, ఆ తేడా లోపలి నిల్వలో పెరుగుదలగానో తరుగుదలగానో కనపడి తీరాలి. జలవిజ్ఞానంలో దీన్ని నీటి సమతుల్యత అంటారు, రసాయనశాస్త్రంలో ద్రవ్యనిత్యత్వం, భౌతికశాస్త్రంలో శక్తినిత్యత్వం, వాణిజ్యంలో జంట పద్దు. చెరువు కింద సేద్యం చేసే రైతుకు ఏ పేరూ పెట్టకుండానే ఇది తెలుసు. శాస్త్రాల అడుగున ఉన్న ఈ లెక్కకూ, పక్కవాడితో మనిషిలా బతకడానికీ దగ్గరి చుట్టరికం ఉందని నా వాదన. అయితే అది అంకెల్లో దొరకదు. లెక్కకు హద్దు ఎక్కడ గీస్తామన్న దగ్గర దొరుకుతుంది.

ముందు ఈ సూత్రం ఎంత బలమైనదో చూడాలి. గుమాస్తా పనిలా కనిపించే జమాఖర్చుల లెక్కే విజ్ఞానశాస్త్రంలో కొన్ని పెద్ద ఆవిష్కరణలు చేసింది. 1628కి ముందు ఐరోపా వైద్యులు నమ్మినది ఏమిటంటే, తిన్న తిండి కాలేయంలో రక్తంగా మారి, ఒంట్లోకి పారి, అక్కడే ఖర్చయిపోతుందని. పదమూడు పద్నాలుగు శతాబ్దాలు నిలిచిన నమ్మకం అది. విలియం హార్వే దాన్ని పడగొట్టింది ప్రధానంగా ఒక గుణకారంతో. గుండె ఒక్కో దెబ్బకు కనీసం అర ఔన్సు రక్తం తోస్తుందనుకుందాం, అరగంటలో వెయ్యి సార్లు కొట్టుకుంటుందనుకుందాం అన్నాడు. అంటే అరగంటలో 500 ఔన్సులు, సుమారు 14 కిలోలు. మనిషి ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా అంత ఉండదు, అరగంటలో తినే తిండి అసలే అంత ఉండదు. వచ్చేది ఇంత, పోయేది అంత అయితే లెక్క తేలదు. తేలాలంటే దారి ఒక్కటే, పోయిన రక్తమే తిరిగి రావాలి. ధమనుల నుంచి సిరలకు రక్తం చేరే దారిని హార్వే చూడలేదు. సూక్ష్మదర్శినిలో ఆ కేశనాళికలను మాల్పీజీ 1661లో చూసేనాటికి హార్వే పోయి నాలుగేళ్లయింది. కంటికి కనపడని దారి ఉండి తీరుతుందని లెక్క ముందే చెప్పింది, కన్ను తర్వాత ఒప్పుకుంది.

నదుల విషయంలోనూ ఇదే జరిగింది. ఊటలకూ నదులకూ నీళ్లు సముద్రం నుంచి భూమి లోపలి దారుల్లో వస్తాయని చాలాకాలం పండితులు అనుకున్నారు, వాన అంత నీరు ఇవ్వలేదని వాళ్ల అనుమానం. పియెర్ పెరో అనే ఫ్రెంచివాడు సీన్ నది ఎగువ పరీవాహకంలో పడే వానను, అక్కడ నదిలో పారే నీటిని లెక్కగట్టి 1674లో ప్రచురించాడు. వాన నది ప్రవాహానికి ఆరు రెట్లు ఉంది. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నే అసలు జలవిజ్ఞానం: మిగతా ఐదు వంతులు ఎటు పోయాయి? బీటా క్షయంలో శక్తి లెక్క తేలనప్పుడు నీల్స్ బోర్ అంతటివాడు శక్తినిత్యత్వాన్నే సడలిద్దామన్నాడు. వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఒప్పుకోక, మనకు కనపడని కణం ఒకటి ఆ శక్తిని ఎత్తుకుపోతోందని 1930లో ప్రతిపాదించాడు. ఆ న్యూట్రినో ప్రయోగాల్లో చిక్కింది 1956లో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో కండరంలోని ఫాస్ఫరస్ లెక్క చూస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించింది కూడా ఇలాంటి పనిలోనే. కండరం కదలికకు శక్తి లాక్టిక్ ఆమ్లం దారిలో వస్తుందని చెప్పినవారికి 1922 నోబెల్ బహుమతి ముట్టి ఎంతో కాలం కాలేదు. ఆ కథనంలో లేని నిల్వ ఒకటి బయటపడింది. ఇన్ని కథల్లోనూ జరిగిందొకటే. లెక్క తేలకపోతే శాస్త్రజ్ఞుడు భుజాలెగరేసి వెళ్లిపోడు, ఎవరో ఎక్కడో లెక్కలోకి రాకుండా ఉన్నారని వెతుకుతాడు. ఈ అలవాటు ప్రయోగశాల బయట కూడా పనికొచ్చేదే.

అయితే ఏ నిత్యత్వ సూత్రమైనా ఒక షరతు మీద పనిచేస్తుంది. ముందుగా ఒక గీత గీసి, దీని లోపలిది మన వ్యవస్థ, బయటిది తక్కిన లోకం అని చెప్పాలి. ఆ గీత ప్రకృతి గీసిపెట్టదు, లెక్కవేసేవాడు గీయాలి. తెలుగునాట ఈ ఎరుకకు రాతి సాక్ష్యం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. అక్కడి 1369 నాటి శాసనం రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశారని చెప్పి ఊరుకోదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు పట్టే ఆరు దోషాలు కూడా చెబుతుంది. నేల గట్టిదా, కొండలు కలుస్తున్నాయా, రాయి దగ్గర్లో దొరుకుతుందా అనే ఇంజనీరింగ్ ప్రశ్నల పక్కనే ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, పని తెలిసిన జనం కూడా అంగాలే. దోషాల పట్టిక ఇంకా ఆసక్తికరం. కట్ట కారడం, నేల చవుడుగా ఉండటం, చెరువు నడుమ మిట్ట ఉండటం సాంకేతిక దోషాలు. నీళ్లు కొంచెమై పారించాల్సిన నేల ఎక్కువగా ఉండటం ఒక దోషం, నేల కొంచెమై నీళ్లు ఎక్కువగా ఉండటం ఇంకొకటి. ఈ రెండూ అచ్చంగా జమాఖర్చుల దోషాలు. ఆరోది రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు ఉండటం. కట్ట ఎంత గట్టిదైనా, వాన ఎంత పడినా, లెక్క రెండు దస్త్రాల్లో చీలితే చెరువు చెడుతుందని ఆరున్నర శతాబ్దాల కిందట రాయించినవాడు సివిల్ ఇంజనీరింగ్‌నూ రాజనీతినీ వేర్వేరు అధ్యాయాలు చేయలేదు. కృష్ణా జలాల ట్రిబ్యునళ్ల చరిత్ర తెలిసినవాళ్లకు ఈ ఆరో దోషం గురించి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక మన కాళ్ల కింది నేలకు వద్దాం. ఇబ్రహీంపట్నం, మహేశ్వరం ప్రాంతమంతా గ్రానైటు శిల. పైన ఎర్ర నేల, దాని కింద కుళ్లిన రాయి, ఆ కింద పగుళ్ల పొర, అడుగున గట్టి బండ. నీళ్లు నిలిచేది నడిమి పొరల్లోనే. రంగారెడ్డి జిల్లా మహేశ్వరంలో 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకాన్ని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి భూగర్భ పరిశోధకులు కలిసి ఏళ్ల తరబడి కొలిచారు. ఏడాదికి సగటున 750 మిల్లీమీటర్ల వాన పడే ఆ చిన్న ప్రాంతంలో ఏడు వందల పైచిలుకు సేద్యపు బోర్లు ఉన్నాయి. నీటిమట్టం హెచ్చుతగ్గుల్ని, తోడిన నీటిని పక్కపక్కన పెట్టి వాళ్లు తేల్చిన అంకెల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది నేల నిల్వ సామర్థ్యం. అది 1.4 శాతం. అంటే నేల లోపల నూరు లీటర్ల రాతి పరిమాణం నుంచి మనకు దొరికేది లీటరున్నర కూడా కాదు. బోరు వేసేటప్పుడు కింద పాతాళగంగ ఉందని చెప్పే వాళ్లున్నారు గాని, అక్కడున్నది తడిసిన రాయి.

ఆ ఒక్క అంకె చేతిలో ఉంటే కాగితం మీద వేసుకోగల లెక్క ఒకటి ఉంది. నిల్వ 1.4 శాతమైతే, భూమిలోంచి 14 మిల్లీమీటర్ల నీరు తీస్తే మట్టం మీటరు పడిపోతుంది. ఇలాంటి నేలలో వానలో 11 శాతం ఇంకుతుందని భూగర్భజల శాఖలు సాధారణంగా అంచనా కడతాయి. 750 మిల్లీమీటర్ల వానకు అది 80 మిల్లీమీటర్ల పైన. మంచి వానాకాలం పోయాక బోర్లలో మట్టం దాదాపు ఆరు మీటర్లు పైకి రావడం ఇందుకే. చూసినవాళ్లకు అదొక సంపదలా కనపడుతుంది. ఇప్పుడు యాసంగి వరి. పొలంలోంచి ఆవిరై, మొక్కల ద్వారా గాలిలో కలిసి, తిరిగి రాకుండా పోయే నీటిని పంటకాలానికి 600 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక ఎకరం వరి ఖర్చు చేసిన నీరు ఏడెనిమిది ఎకరాల మీద కురిసి ఇంకిన ఏడాది వాన అవుతుంది. లేదా 43 ఎకరాల కింద మట్టం ఒక మీటరు దిగుతుంది. అయిదెకరాల రైతుకు 43 ఎకరాలు ఉండవు. అందువల్ల ఆ మీటరు చాలా వరకు పక్క పట్టాదారుల నేల కింద దిగుతుంది. పట్టా పాసుపుస్తకం ఉపరితలానికి హద్దు గీస్తుంది, భూగర్భజలం ఆ హద్దుని గుర్తించదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు అమల్లోకి వచ్చింది. రైతు ఇంటి పద్దులో తోడుడు ఖర్చు సున్నా అయినా, ఆ కరెంటు ధర ప్రభుత్వ పద్దులోనూ, దిగిన మట్టం ఊరి పద్దులోనూ ఉంటుంది. ఉచితమంటే హద్దు బయటికి నెట్టిన ఖర్చు అని నా అభిప్రాయం. రైతుకు కరెంటు ఇవ్వకూడదని దీనర్థం కాదు, ఖర్చు ఎటు పోయిందో కనపడేలా రాయాలని మాత్రమే.

హద్దు మారితే మంచిపని కూడా ఎలా మారిపోతుందో చెప్పే మెలిక ఇక్కడ ఇంకొకటి ఉంది. మహేశ్వరంలోనే కొలిచినప్పుడు, వరి మడికి పెట్టిన నీటిలో దాదాపు సగం దాకా తిరిగి భూమిలోకే ఇంకుతోందని తేలింది. వృథా అని మనం తిట్టే ఆ నీరు నిజానికి బోరులోకే తిరిగి వస్తోంది. అందుకే ఒక రైతు డ్రిప్పు వేసి సగం నీరు ఆదా చేశానని అంటే, అతని పొలం గట్టును హద్దుగా పెట్టుకుంటే అది నిజం. ఆ ఆదా నీటితో ఇంకో రెండెకరాలు కొత్తగా సాగు చేస్తే, ఊరిని హద్దుగా పెట్టుకున్నప్పుడు ఖర్చు పెరిగినట్టు. ఆవిరైపోయే నీరే అసలు ఖర్చు, తక్కినది చేతులు మారడం. డ్రిప్పు మంచిదా చెడ్డదా అనే చర్చ తరచూ వాదోపవాదాలతో ఆగిపోయేది రెండు పక్షాలూ వేర్వేరు హద్దుల్లో నిలబడి మాట్లాడటం వల్లే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. నీళ్లు ఎంత ఉన్నాయో శాస్త్రం చెబుతుంది సరే, ఎవరికి ఎంత ఇవ్వాలో అది చెప్పదు కదా? ఉన్నదాన్నుంచి ఉండవలసినది పుట్టదని తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ కాలం నుంచీ చెబుతున్నారు. నిజమే. 43 ఎకరాల లెక్కలోంచి న్యాయం దానంతట అది ఊడిపడదు. ఇంకా ముందుకెళ్లి, లెక్క క్రూరత్వానికి కూడా పనికొస్తుందని ఒప్పుకోవాలి. 1876-78 కరువులో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు నాశనమైనప్పుడు, ఖర్చు తగ్గించమని ప్రభుత్వం పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో సహాయ పనుల కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దాంతో కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. ఖజానా పుస్తకంలో ఆ లెక్క తప్పు లేకుండా కూడింది. మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ దాన్ని ఎదిరించింది దయ చూపమని బతిమాలి కాదు, ఇంకో లెక్క చూపించి. ఒక పౌను ధాన్యం 450 గ్రాములు, నేటి కొలతలో సుమారు 1600 కిలోకాలరీలు. మట్టి మోసి రాళ్లు కొట్టే పెద్ద మనిషికి దానికి రెట్టింపు కావాలి. ఆ తేడాను ఒళ్లు తన కండల్లోంచి కడుతుంది, కట్టలేని రోజున కూలుతుంది. టెంపుల్ పుస్తకానికి హద్దు ఖజానా, కార్నిష్ పుస్తకానికి హద్దు కూలీ ఒళ్లు. శక్తినిత్యత్వం ఇద్దరికీ ఒకటే. ఒకరు మాత్రం బాకీ ఎవరి ఒంట్లోంచి వసూలవుతోందో రాశారు. కొన్ని నెలల్లో ఆ కూలి రేటును సవరించక తప్పలేదు. హ్యూమ్‌కు నా జవాబు ఇంతే. లెక్క న్యాయాన్ని పుట్టించలేదు, కానీ అన్యాయం దాక్కునే చోటు లేకుండా చేయగలదు. దాక్కున్న అన్యాయంతో పోట్లాడటం కష్టం, రాసిపెట్టిన అన్యాయాన్ని సమర్థించుకోవడం కష్టం.

మన చెరువుల కింద కూడా పంపకం శాస్త్రం పక్కనే నడిచింది. తెలంగాణలో వానాకాలం పంటను ఆబి, యాసంగిని తాబి అనేవారు. తాబికి ముందు చెరువులో మిగిలిన నీటిని చూసి, ఆయకట్టులో ఎంత మేర పారించవచ్చో తేల్చడాన్ని తైబందీ అంటారు. సగం నీరే ఉంటే ఆయకట్టంతా ఎండబెట్టుకోకుండా, ముందే కొంత నేలను ఒప్పుకుని తడపడం. తూము ఎత్తి దించి, వంతుల వారీగా మడులకు నీళ్లు పెట్టేది నీరటికాడు. పద్ధతి తెలివైనదే. కానీ పాతదాన్ని తలుచుకుని మురిసిపోయే ముందు ఆ హద్దుని కూడా చూడాలి. నీరటికాడు చాలా ఊళ్లలో దళితుడు, తూము కింది మొదటి మడులు చాలా ఊళ్లలో దొరలవి. కట్ట మీద మట్టి పోసిన వెట్టి పని ఏ పద్దులోనూ ఎక్కలేదు. నీటి లెక్క నిక్కచ్చిగా ఉన్న చోట చెమట లెక్క గల్లంతు కావడం మన చరిత్రలో కొత్త కాదు. మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని రాష్ట్రం పూనుకున్నప్పుడు, పూడిక తీశాక ఆ నీరు ఎవరి మడికి పారుతుందన్న ప్రశ్న మీద పెద్దగా చర్చ జరగలేదు.

రెండో అభ్యంతరం అర్థశాస్త్రం వైపు నుంచి. లోకమంతా జమాఖర్చుల లెక్కే అయితే, ఒకరి లాభం ఇంకొకరి నష్టమేనా? అలాంటప్పుడు మిగిలేది కొట్లాటే కదా? గింజ వేస్తే నూరు గింజలవుతాయి, చదువు పంచితే పెరుగుతుంది, వ్యాపారంలో ఇద్దరూ బాగుపడతారు. ఈ అభ్యంతరం సగం సరైనది, ఆ సగం చాలా విలువైనది. పదార్థం, శక్తి పెరగవు. వాటి అమరిక మారుతుంది, అమరికకు విలువ ఉంది. ఎండుతున్న జొన్నకు పొట్ట దశలో పెట్టిన ఒక తడి పంటను నిలబెడుతుంది, అప్పటికే నిండా తడిసిన మడిలో అదే నీరు అడుగుకు పోతుంది. నీటి పరిమాణం మారలేదు, గాదెలో గింజ మారింది. కాబట్టి నిత్యత్వ సూత్రం మనుషుల మేలుకు కొలత నిర్ణయించదు. ఏది స్థిరమో, ఏది మన తెలివితో పెరుగుతుందో విడదీసి చెబుతుంది, అంతే. నీరు స్థిరమని ఒప్పుకున్న ఊరికే పంపకంలో తెలివి చూపించాల్సిన అవసరం వస్తుంది. ఇంకో బోరు, ఇంకో వంద అడుగుల లోతు అని నమ్మేవాడికి ఆ అవసరమే తోచదు. లోతు పెరిగేకొద్దీ పగుళ్లు తగ్గి బండే మిగులుతుందని గ్రానైటు నేల చెబుతున్నా సరే.

ఈ వాదనకు ఇబ్రహీంపట్నంలోనే ఒక కఠిన పరీక్ష ఉంది. దానికీ నీటికీ సంబంధం లేదు. 2022 ఆగస్టు 25న ఇక్కడి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒకే రోజు 34 మంది మహిళలకు లాపరోస్కోపీ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. తర్వాతి రోజుల్లో నలుగురు చనిపోయారు, మిగతావారిని హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించారు. ఇన్ఫెక్షనే కారణమని విచారణలో తేలింది. ఇలాంటి శిబిరాలకు పైనుంచి పెట్టిన నిబంధనలు చూస్తే అవి కూడా ఒక జమాఖర్చుల లెక్కే అని తెలుస్తుంది. ఒక బృందం రోజుకు 30 కేసులు దాటకూడదు, అదీ మూడు లాపరోస్కోపులు ఉన్నప్పుడే. ఎందుకంటే వాడిన పరికరాన్ని కడిగి, క్రిమిసంహారక ద్రావణంలో 20 నిమిషాలు ముంచి ఉంచాలి. సమయం కూడా స్థిరమైన నిల్వే. కేసుల సంఖ్య పెంచి పరికరాలు పెంచకపోతే ఆ నిమిషాలు ఎక్కడినుంచో తెగాలి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే సర్జన్ కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాక జరిగిన మరణాలు దేశమంతా చూసింది. ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయమని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ గడువు దాటాక దాదాపు మూడేళ్లకు ఇబ్రహీంపట్నం. శిబిరం పుస్తకంలో జమ అయ్యేది ఆపరేషన్ల సంఖ్య. ఆ రాత్రి జ్వరం, ఇంటికెళ్లాక పట్టిన కడుపునొప్పి, చంటిబిడ్డకు పాలు, కూలి పోయిన రోజులు హద్దు బయట. కత్తిగాటు, కుట్లు లేని వేసెక్టమీ మగవాళ్లకు ఉన్నా, దేశంలో ఈ ఆపరేషన్లలో అత్యధికం ఆడవాళ్లకే ఎందుకు జరుగుతున్నాయన్న ప్రశ్న కూడా ఆ పుస్తకంలో పేజీ లేని ప్రశ్నే. లక్ష్యాలు పెట్టేవాళ్లు నిర్దయులని నేననను. సంఖ్య సులభంగా దొరికే చోట హద్దు గీయడం మనుషుల అలవాటు, జ్వరం గీత బయట పడింది. మనుషుల్ని అంకెలు చేస్తే మానవత పోతుందని చాలామంది అంటారు. ఈ ఉదంతం నాకు తలకిందులుగా కనిపిస్తుంది. ఇక్కడ లోపం లెక్కించడంలో లేదు, సగంలో ఆపేయడంలో ఉంది. ప్రతి మహిళ ఒంటి ఉష్ణోగ్రతను వారం రోజులు రాసి ఉంచే పుస్తకం మరింత అంకెల పుస్తకమే, మరింత మానవమైనది కూడా.

హద్దు విశాలంగా గీయడం మాటల్లో సులువు, ఊళ్లలో సాధ్యమా అంటే, రంగారెడ్డి జిల్లాకు ఆనుకునే ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్‌తో కలిపి ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రయత్నం జరిగింది. రైతులే భూగర్భజలాన్ని నడిపించుకునే ఆ ప్రాజెక్టు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000ల దశకంలో కొన్ని వందల గ్రామాల్లో నడిచింది. అక్కడ నిషేధం లేదు, జరిమానా లేదు, రాయితీ లేదు. రైతులు, ఆడవాళ్లతో సహా, వానమాపకం చదవడం నేర్చుకున్నారు, బోర్లలో మట్టాన్ని క్రమం తప్పకుండా కొలిచి ఊరి గోడ మీద రాశారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని, ఎంత ఇంకింది, ఎంత తోడాం, తలా ఒక పంట వేస్తే ఎంత కావాలి అని నీటి బడ్జెట్ వేశారు. తర్వాత ఎవరి పొలంలో ఏం వేసుకోవాలో వాళ్ల ఇష్టం. చాలా చోట్ల వరి తగ్గింది, ఆరుతడి పంటలు పెరిగాయి. అందరూ త్యాగమూర్తులయ్యారని కాదు. బడ్జెట్ దాటితే ఫిబ్రవరిలో ఎండేది తన బోరేనని గోడ మీద కనపడింది. ప్రాజెక్టు ముగిశాక ఈ అలవాటు అన్ని ఊళ్లలో నిలవలేదు, కొలిచేవాడికి కొలత వల్ల వెంటనే లాభం కనపడని చోట టేపు మూలన పడింది. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం మాత్రం ఇప్పటికీ పుస్తకంలో ఉంది. చట్టం నడిచే చోట్ల కన్నా ఆ గోడలు నిలిచిన చోట్లే నీటి మీద తక్కువ కొట్లాటలు జరుగుతాయని నాకు నమ్మకం.

ఆ గోడ లెక్కలో ఒక గుణం గమనించదగ్గది. ఒక బోరు మట్టం తెలిస్తే అది ఆ రైతు సమాచారం మాత్రమే. పరీవాహకంలోని బోర్లన్నీ తెలిస్తే తప్ప ఊరి నిల్వ ఎంతో తేలదు. కాబట్టి ఈ లెక్కను ఎవరూ ఒంటరిగా, రహస్యంగా వేసుకోలేరు, పక్కవాడు తన బోరు మూత తీయాలి. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకు ఇలాంటి పుస్తకం తెరిస్తే అందులో ఎగువ వాగుల మీది చెక్‌డ్యాములు, వెంచర్ల కింద పూడిన కాల్వలు, శిఖం భూమి, ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల నీటిని తాగేసే ఎండ, చేపలు పట్టే కుటుంబాలు, కాలేజీల హాస్టళ్ల బోర్లు, అన్నిటికీ ఒక్కో వరుస కావాలి. వాటిలో సగం వరుసలకు కొలత తీసేవాళ్లు కాలేజీల్లో ఇప్పటికే ఉన్నారు. సివిల్ పిల్లలకు టోటల్ స్టేషన్ ఉంది, ఫార్మసీ పిల్లలకు నీటి పరీక్ష ప్రయోగశాల ఉంది, ఎంబీఏ పిల్లలకు పద్దు రాయడం వచ్చు. హాస్టల్ బోర్ల వరుసతో మొదలుపెట్టడమే మేలు.